ఎండ చూడని మోపులు

బార్లో దొర చేతిరాత చీమలబారులా ఉంటుంది. రాజమండ్రి గోదావరి గట్టు మీదున్న పొగాకు కంపెనీ మొత్తంలో ఆ రాతను ఒక్క చూపులో చదవగల గుమాస్తా ఏసుపాదం ఒక్కడే. ఆ సంగతి తనకు తెలియడమే కాక, నలుగురికీ తెలియాలని కూడా అతనికి కాస్త కోరిక ఉండేది. అలాంటివాడు ఆ ఉదయం దొర ఇచ్చిన చీటీని రెండుసార్లు చదివాడు.

"పడవవాళ్లు పొగాకును ఎలా తడుపుతున్నారో రిపోర్టు రాయవలెను. పేర్లు కావలెను. నెలాఖరు గడువు."

పద్ధెనిమిది వందల ఎనభై ఎనిమిది, మార్చి నెల మొదటివారం. తాటిలంకలో కొన్న పొగాకు ఏటా పడవల మీద ధవళేశ్వరం లాకు దాటి, కాలవ వెంట కాకినాడ చేరేది. అక్కడినుంచి స్టీమరెక్కి రంగూను వెళ్లి చుట్టలైపోయేది. ఈ ఏడు కాకినాడలో మోపులు విప్పి చూస్తే ఆకు నల్లబడి, బూజు పట్టి, ముక్కుదగ్గర పెట్టుకోలేని వాసన కొట్టింది. దారిలో కొంత ఆకు కాజేసి, తగ్గిన బరువు పూడ్చడానికి పడవవాళ్లే నీళ్లు కొట్టారని కాకినాడ పెద్దదొర తేల్చేశాడు. చూడకుండా తేల్చడంలో ఆయనకు మంచి పేరుంది.

బార్లో దొర బల్ల మీద గాజుగుండు కింద ఇంకో కాగితం కూడా ఉంది. అది పోలీసులకు రాసిన ఉత్తరం. అందులో తొమ్మిది పడవలవాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి, మొదటి పేరు లోవరాజు. తారీఖూ సంతకమూ తప్ప అన్నీ రాసేసి ఉన్నాయి.

"నీ రిపోర్టు వచ్చిన రోజున దీనిమీద సంతకం పెడతాను," అన్నాడు దొర ఇంగ్లీషులో. "ఏప్రిల్ ఒకటి నుంచి నీ ఉద్యోగం ఖాయం చెయ్యాలని కూడా అనుకుంటున్నాను. రెండూ ఒకేసారి అయిపోతాయి."

రెండేళ్లుగా ఏసుపాదం నెలకు నెల పొడిగించే తాత్కాలిక గుమాస్తా. లూథరన్ మిషను బడిలో చదివి, అక్కడే మూడేళ్లు పిల్లలకు పాఠం చెప్పి, ఈ కంపెనీలోకి వచ్చాడు. సీజనులో లంక మీద పొగాకు తూకం వేయించేది అతనే. లోవరాజునీ, వాళ్ల పల్లెకార్ల పడవలనీ బాగా ఎరుగును. వాళ్లు వరదకాలంలో చేపలు పట్టేవాళ్లు, మాఘం నుంచి పొగాకు మోసేవాళ్లు. ఆ ఉత్తరం కదిలిందంటే తొమ్మిదిమంది జైలుకి పోతారు, తొమ్మిది పడవలూ జప్తవుతాయి, వెనకాల యాభైమంది పస్తులుంటారు. ఇదంతా అతనికి తెలుసు. తెలిసి కూడా, తప్పు చేస్తే అనుభవించాలి కదా అనుకున్నాడు. వాళ్లు తప్పు చేశారనడంలో అతనికి అప్పటికి సందేహం లేదు.

మర్నాడు పొద్దున్నే పద్నాలుగు ప్రశ్నలు రాసుకుని లంకకి బయలుదేరాడు. గీతలు గీసి, పక్కన జవాబులకి జాగా వదిలి, ఎంతో శుభ్రంగా రాసుకున్నాడు. ఎవరు తడిపారు? ఎక్కడ తడిపారు? ఎవరి పడవలో ఎక్కువ తడిసింది? చూసినవాళ్లెవరు? పద్నాలుగూ అటువంటివే.

లోవరాజు తలపాగా చంకలో పెట్టుకుని ఇసకలో నిలబడ్డాడు. నలభై ఏళ్ల మనిషి, గడ వేసి వేసి అరచేతులు మొద్దుబారిపోయాయి.

"ఎవరు తడిపారు, లోవరాజూ?"

"మాకెలా తెలుస్తాదండి. తమరికి తెలియాలండి."

"నాకెలా తెలుస్తుంది? పడవలో ఉండేది మీరు కదా!"

"ఆయ్. మేమేనండి."

"దారిలో వాన పడిందా?"

"మాఘమాసంలో వానెక్కడిదండి."

"మరి పడవలోకి నీళ్లొచ్చాయా?"

"అడుగున బల్లలు పరిచే మోపులేస్తామండి. నీళ్లు తగలవండి."

"అయితే తడిపారన్నమాటే కదా!"

లోవరాజు మొహం గోదావరి వైపు తిప్పుకున్నాడు. వెనక నిలబడ్డ ముసలావిడ, అతని తల్లి మరిడమ్మ, రెండడుగులు ముందుకొచ్చింది. "బాబుగారండి, ఆ ఎండ సంగతీ..." అనబోయింది.

"అమ్మా, నువ్వూరుకో," అన్నాడు లోవరాజు గట్టిగా. ఆమె వెనక్కి జరిగింది.

మధ్యాహ్నానికి తొమ్మిది పడవలవాళ్లనీ అడగడం అయింది. అందరూ అతని మొహం చూడకుండానే మాట్లాడారు. అందరూ "తమరికి తెలియాలండి" అన్నారు. ఏసుపాదానికి ఒళ్లు మండిపోయింది. జవాబుల జాగాలో "దాటవేశాడు, దాటవేశాడు" అని తొమ్మిదిసార్లు రాసి, అడుగున "ఏదో దాస్తున్నారు" అని రాసి కింద ఒక గీత గీశాడు.

కంపెనీలో పెద్దగుమాస్తా అప్పారావు పంతులు ఆ కాగితం చూసి సంబరపడిపోయాడు. "ఇంకేం కావాలయ్యా ఏసుపాదం? రిపోర్టు అయిపోయినట్టే. శుభ్రంగా రాసి దొరగారికిచ్చెయ్."

"ఎలా తడిపారో ఇంకా తేలలేదండి, పంతులుగారూ."

"ఎలా తడిపితే ఏంటి? చెంబుతో తడిపితే ఒకటీ, బిందెతో తడిపితే ఒకటీనా?"

ఆ మాట విన్నప్పుడు ఏసుపాదానికి మనసులో ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. దొర అడిగిందే ఎలా అని. తనేమో అంతసేపూ ఎవరు, ఎవరు అనే అడిగి వచ్చాడు. అసలు ప్రశ్నే పక్కకి పోయినట్టు అనిపించింది, కానీ ఎటు పోయిందో తెలియలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం భోజనానికి కూచున్నాడు. భార్య రూతు పాత ఆవకాయ జాడీ మూత తీసి, ముక్కు ఎగబీల్చి, "అయ్యో, బూజు పట్టిందండి," అంది.

"తడి చెయ్యి ఎవరు పెట్టారు?" అన్నాడు ఏసుపాదం. పదిరోజులుగా అతని నోట్లో తిరుగుతున్న మాట అదే.

రూతు అతని వైపు జాలిగా చూసింది. "ఎవరు పెట్టారో తర్వాత చూద్దాం. ముందు పైన పట్టిందో అడుగున పట్టిందో చూడాలి కదండీ. పైపైన పడితే తడి చెయ్యే. అడుగుదాకా పట్టిందంటే చెయ్యి కాదు, ముక్కలు ఆరకుండానే కలిపేశామన్నమాట. అప్పుడు తప్పు నాదే." అంటూనే గరిటె లోపలికి దింపి చూసింది. పైపొర మాత్రమే పోయింది, అడుగున పచ్చడి ఎర్రగా బాగానే ఉంది. "మీ చెయ్యే," అంది.

ఏసుపాదం అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత కంచంలోనే చెయ్యి కడిగేసుకుని చొక్కా తొడుక్కున్నాడు.

"ఆదివారం పూట ఎక్కడికండీ?"

"మోపులు విప్పాలి," అన్నాడు.

కాకినాడనుంచి తిప్పి పంపిన నలభై మోపులు కంపెనీ వెనక పాకలో పడి ఉన్నాయి. మోపంటే కట్టలు కట్టలుగా కట్టిన ఆకుని తాటాకు చాపలో చుట్టి, తాళ్లతో బిగించిన మూట. కాపలా భీమరాజుని పిలిచి, ఇద్దరూ కలిసి తాళ్లు కోశారు. నీళ్లు కొట్టుంటే చాపకి ఆనుకున్న కట్టలు ముందు కుళ్లాలి. మొదటి మోపులో పైకట్టలు బంగారంలా పెళపెళలాడుతున్నాయి. నడిమి కట్టలు నల్లగా ముద్దకట్టి, తెల్లటి బూజు పట్టి వేడిగా ఉన్నాయి. రెండోదీ అంతే. ఇరవై విప్పేసరికి భీమరాజు తుమ్మలేక చచ్చాడు. ఇరవైలోనూ కుళ్లు లోపలే ఉంది.

"నీళ్లు కొట్టలేదు," అన్నాడు ఏసుపాదం పైకే. "కట్టేటప్పుడే తడి ఉంది."

అన్నాక ఎంతో తేలికపడ్డాడు. పడవెక్కకముందే పాడైతే పడవవాళ్లకేం సంబంధం? కొత్త కాగితం తీసి, పైన కొత్త ప్రశ్న రాశాడు: మోపు లోపల తడి ఎప్పటినుంచి ఉంటోంది? సంగతి తేలిపోతోందన్న హుషారులో కాకినాడవాళ్లు పంపిన చెడ్డ మోపుల జాబితా కూడా తీశాడు. ప్రతి మోపు మీదా తారుతో ఒక అంకె వేసి ఉంటుంది. ఆ జాబితాలో అంకెలు ఎలా పడితే అలా ఉన్నాయి, వాటిని వరసగా పేర్చాలని ఇంతవరకూ ఎవరికీ తోచలేదు. ఏసుపాదం పేర్చాడు. అన్నిటికన్నా చిన్న అంకె మూడువందల పదమూడు. అంతకుముందు అంకె ఒక్కటీ చెడ్డవాటిలో లేదు.

మూడువందల పదమూడో మోపు ఏ రోజు కట్టారో చూడటానికి అతనికి లంక పుస్తకం అక్కర్లేకపోయింది. ఆ రోజు అతనికి బాగా గుర్తుంది. ఫిబ్రవరి పదో తారీఖు.

ఆ రోజు దాకా లంక మీద ఒక పద్ధతి ఉండేది. ఆరబెట్టిన పొగాకు ఎండలో ముట్టుకుంటే పొడైపోతుంది. అందుకని తెల్లవారుజామున, మంచుకి మెత్తబడ్డప్పుడు కట్టలు కట్టేవారు. ఆ తర్వాత పల్లెకార్ల ఆడవాళ్లు వాటిని ఇసక మీద పరిచి, పసుపు చల్లి, "సూర్యనారాయణమూర్తీ, చూసుకో తండ్రీ," అని దణ్ణం పెట్టేవారు. జాముసేపు అలా వదిలేసి, మధ్యలో ఒకసారి తిరగేసి, అప్పుడుగానీ చాపల్లో చుట్టేవారు కాదు. తూకం వేసే గుమాస్తా అప్పటిదాకా ఎండలో కూచోవాలి. ఫిబ్రవరి పదో తారీఖున ఏసుపాదానికి విసుగు తన్నుకొచ్చింది. సూర్యుడికి మొక్కడం కోసం కంపెనీ పని ఆపుతారా అని కేకలేశాడు. మిషను బడిలో చదివిన తను ఇలాంటివి చూస్తూ ఎలా కూచుంటానన్నాడు. ఇకనుంచి కట్టలు తూచిన వెంటనే చాపల్లో చుట్టి పడవెక్కించాలన్నాడు. మరిడమ్మ అడ్డమొస్తే, "ఇంకొక్క మాటంటే మీ పడవలు తీయించేస్తాను," అన్నాడు. ఆ నెల ఉత్తరంలో దొరకి "నా ఏర్పాటువల్ల ఎక్కింపు ఎనిమిదింటికే పూర్తవుతోంది" అని గొప్పగా రాసుకున్నాడు కూడా. ఏ ఏర్పాటో మాత్రం రాయలేదు.

పాకలో నిలబడ్డ ఏసుపాదం ఆ జాబితా మడిచాడు. "తమరికి తెలియాలండి" అని తొమ్మిదిమంది ఎందుకన్నారో అప్పుడర్థమైంది. వాళ్లు దాటవెయ్యలేదు. అడిగే మనిషి మొహం మీద నువ్వే అని చెప్పడానికి వాళ్ల మర్యాద ఒప్పుకోలేదు, భయం అంతకన్నా ఒప్పుకోలేదు.

ఇంటికొచ్చి రూతుకి చెప్పాడు. ఆమె చేస్తున్న పని ఆపి అంతా వింది. తర్వాత, "నేను డాబా మీద వడియాలు పెడితే సూర్యుడికి మొక్కుతున్నట్టాండీ?" అంది. 

మర్నాడు మళ్లీ లంకకి వెళ్లాడు. ఈసారి గీతలు గీసిన కాగితం తీసుకెళ్లలేదు. మరిడమ్మ వల బాగుచేసుకుంటోంది. అతను ఆమె ఎదురుగా ఇసకలో చతికిలబడ్డాడు.

"మరిడమ్మా, కట్టలు ఎండలో ఎందుకు పెట్టేవారు?"

ఆమె కొడుకు వైపు చూసింది. లోవరాజు చెప్పమన్నట్టు తల ఊపాడు.

"మంచు తాగుంటాదండి ఆకు. అలాగే కట్టేస్తే లోపల ఉడుకెత్తిపోద్దండి. పైన ఎండిపోయినట్టే కనిపిస్తాది, నడిమిన ఉంటాది చెమ్మ." కట్ట లోపలికి చెయ్యి దూర్చినట్టు చూపించి, ఆ చెయ్యి తన చెంపకి ఆనించుకుంది. "ఇలా చల్లగా తగిలిందంటే ఇంకా కాలేదన్నమాట. వెచ్చగా తగిలితే చుట్టెయ్యొచ్చండి. మా అత్త నేర్పిందండి."

"ఆ రోజే నాకు ఈ మాట చెప్పొచ్చు కదా!"

"తమరు వద్దన్నారండి. ఎందుకు చేస్తున్నారని అడగలేదండి."

తిరిగొచ్చే పడవలో ఏసుపాదానికి రెండు దారులు కనిపించాయి. అంతా దొరకి చెప్పెయ్యడం ఒకటి. ఏప్రిల్ ఒకటి వెళ్లిపోయేదాకా నానబెట్టడం ఇంకొకటి. నిజం చెప్పాలంటే అతనిలో రెండో దారికే మొగ్గు ఎక్కువగా ఉంది. చివరికి ఆ రెండిటికీ మధ్య దారి ఒకటి వెతుక్కున్నాడు. చదువుకున్నవాళ్లకి ఇలాంటి మధ్య దారులు బాగా దొరుకుతాయి.

దొర దగ్గరికెళ్లి, "అడగవలసిన ప్రశ్న మారిందండి," అన్నాడు. పాకలో కుళ్లిన మోపులు చూపించాడు. తడిపింది పడవవాళ్లు కాకపోవచ్చనీ, కట్టలకి ఎండ తగలకపోవడం కారణం కావచ్చనీ చెప్పాడు. "ఊరికే నమ్మమనడం లేదండి. చూసే నమ్మండి. ఒకే రైతు ఆకు, ఒకే తెల్లవారుజామున కట్టిన కట్టలు తీసుకుందాం. ఆరు మోపులు ఎండ చూపించి చుడదాం, ఆరు మోపులు వెంటనే చుడదాం. ఒకే పడవలో తెచ్చి, ఒకే గదిలో తాళం వేద్దాం. అన్నీ ఒకటే, ఎండ ఒక్కటే తేడా. పదిరోజులయ్యాక మీ ఎదురుగా విప్పుదాం. అప్పుడు రిపోర్టు రాస్తాను."

దొర పైపు వెలిగించుకుని ఆలోచించాడు. "పన్నెండూ పాడైతే?"

"అప్పుడు కారణం ఎండ కాదండి."

"అప్పుడు ఆ రోజే సంతకం పెడతాను," అని గాజుగుండు మీద వేలితో తట్టాడు. "తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో."

ఆ తాళంచెవే ఏసుపాదం పీకలమీదికి తెచ్చింది.

మోపులు వచ్చాయి. ఎండ చూసినవాటికి సున్నపు చుక్క పెట్టి కుడివైపు, చూడనివాటిని ఎడమవైపు పేర్చి తాళం వేశాడు. మొదటి రెండు రోజులూ ఫరవాలేదు. మూడో రోజు నుంచి లెక్క బుర్రలో తిరగడం మొదలైంది. ఎడమవైపువి మాత్రమే పాడైతే, ఎండ ఆపించిందెవరన్న ప్రశ్న వస్తుంది. పన్నెండూ పాడైతే ఆ ప్రశ్నే రాదు. అతని పేరు ఎక్కడా పడదు, ఉద్యోగం ఖాయమవుతుంది. కుడివైపు ఆరు మోపుల తాళ్లు కాస్త సడలించి, తలో గుక్కెడు నీళ్లు పోస్తే చాలు. ఎవరు చూస్తారు?

అయిదో రోజు మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్లిన వేళ, ఏసుపాదం గది తాళం తీశాడు. చేతిలో రాగిచెంబు ఉంది. దాహానికని తెచ్చుకున్నానని తనకి తానే చెప్పుకున్నాడు. లోపల ఉక్కపోతగా ఉంది, పొగాకు ఘాటుకి కళ్లు మండుతున్నాయి. సున్నపు చుక్క ఉన్న మోపు దగ్గర మోకాళ్ల మీద కూచున్నాడు. ముడి మీద వేళ్లు వేశాడు. ముడి లోవరాజు వేసినది, పడవ ముడి, ఒక్క కొస లాగితే ఊడిపోతుంది.

కొస లాగాడు. చాప కాస్త తెరుచుకుంది.

అప్పుడతనికి గాజుగుండు కింది ఉత్తరం కళ్లకు కట్టింది, అందులో మొదటి పేరు కనిపించింది. ఇంతవరకూ పడవవాళ్లు నీళ్లు కొట్టారన్నదానికి రుజువు కోసం లంకంతా తిరిగాడు. ఇప్పుడు పొగాకు పక్కన చెంబెడు నీళ్లతో కూచున్నది లోకంలో తనొక్కడే.  చెంబు ఎత్తి, ఆ నీళ్లన్నీ గటగటా తాగేశాడు. చుక్క మిగల్లేదు. ముడి బిగించాడు, తాళం వేశాడు, తిన్నగా దొర గదికి వెళ్లాడు.

దొర భోజనం ముగించి కాగితాలు చూసుకుంటున్నాడు. ఏసుపాదం తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"ఇది నా దగ్గర ఉండకూడదండి."

"ఎందుకు?"

"ఈ పరీక్ష ఎటు తేలినా నష్టం లేనివాళ్ల దగ్గర ఉండాలండి ఇది. నాకు నష్టం ఉంది." అతను తాళంచెవిని ఇంకాస్త దొర వైపు జరిపాడు. "ఎండ చూపించడం ఆపించింది నేనేనండి. ఫిబ్రవరి పదో తారీఖున."

దొర చేతిలో కాగితాలు పక్కన పెట్టాడు. బయట గట్టు మీద బండివాడు ఎద్దుల్ని అదిలిస్తున్న చప్పుడు వినిపించింది.

"ఏప్రిల్ ఒకటో తారీఖు సంగతి గుర్తుందా?"

"ఉందండి."

దొర తాళంచెవి తీసుకుని, గాజుగుండు పక్కన పోలీసు ఉత్తరం మీద పెట్టాడు. వెళ్లమని చెయ్యి ఊపాడు.

పదకొండో రోజు ఉదయం తాళం తీశారు. దొర, అప్పారావు పంతులు, భీమరాజు, లంకనుంచి పిలిపించిన లోవరాజు, మరిడమ్మ గదిలోకి వచ్చారు. లోవరాజు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. దేనికోసం పిలిచారో అతనికెవరూ సరిగ్గా చెప్పలేదు, పోలీసులు ఎక్కడున్నారో అని గుమ్మం వైపే చూస్తున్నాడు.

సున్నపు చుక్కవి ముందు విప్పారు. ఆరిటికి ఆరూ నడిమిదాకా బాగున్నాయి. అప్పారావు పంతులు మొహం చిన్నబోయింది.

తర్వాత ఎడమవైపువి. మొదటి మోపు విప్పి భీమరాజు నడిమి కట్ట బయటికి లాగాడు. అది కూడా బాగానే ఉంది. ఏసుపాదం గుండె ఒక్కసారి ఎగిరింది. ఎగిరినందుకు తనని తనే తిట్టుకున్నాడు. లోవరాజు కళ్లు మూసుకున్నాడు. రెండో మోపు తాడు కోశారు. చాప తెరవకముందే వాసన వచ్చింది. భీమరాజు తీసిన కట్ట నల్లగా ఉంది, బూజు అతని వేళ్లకి అంటుకుంది. మూడోది, నాలుగోది, అయిదోది, ఆరోది అన్నీ అంతే.

దొర కోటు జేబులోంచి ఉత్తరం తీసి, నాలుగు ముక్కలుగా చించాడు. అదేమిటో లోవరాజుకి తెలియదు. మరిడమ్మకి మాత్రం ఏదో అర్థమైనట్టుంది, కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అందరూ వెళ్లాక ఏసుపాదం రిపోర్టు ఇచ్చాడు. దొర అక్కడే నిలబడి చదివాడు. పైన, "మోపులు లోపలినుంచి ఎందుకు పాడవుతున్నవి" అని ఉంది. చివర్న ఇలా ఉంది: "ఫిబ్రవరి పదవ తేదీన ఎండ చూపించుట నేను ఆపించితిని. ఆపుటకు ముందు, ఆ పని ఎందుకు చేయుచున్నారని ఎవరినీ అడుగలేదు. పి. ఏసుపాదం."

"ఈ చివరి మాటలు తీసేసినా రిపోర్టు నిలబడుతుంది," అన్నాడు దొర మెల్లగా. "ఎండ చూపించడం మానేశారు, మళ్లీ మొదలుపెట్టాలి. కాకినాడకి అంతవరకూ చాలు. నువ్వు తీసేస్తే నేనేమీ అనుకోను. ఏప్రిల్ ఒకటి గురించి కూడా నేను మర్చిపోలేదు."

ఏసుపాదం కాగితం వైపు చూశాడు. ఉద్యోగం మీద అతనికి ఎంత ఆశ ఉందో అంత ఆశా ఆ క్షణంలో కళ్లలోకి వచ్చింది.

"మానేసిందెవరని పెద్దదొరగారు అడుగుతారండి. అక్కడ నా పేరు లేకపోతే ఆ ఖాళీలో లోవరాజు పేరు పడుతుందండి."

దొర కాగితం మడిచి కాకినాడ కవరులో పెట్టాడు.

ఏప్రిల్ ఒకటో తారీఖున ఖాయమైన ఉద్యోగం అప్పారావు పంతులు మేనల్లుడికి వచ్చింది. ఏసుపాదానికి సీజను అయ్యేదాకా లంక మీద రోజుకూలీ తూకం పని మిగిలింది. రూతు ఆ రాత్రి కాస్త ఏడ్చింది, తర్వాత రెండు పూటలకి సరిపడా అన్నం మూట కట్టిచ్చింది.

మర్నాడు లంకలో కట్టలు ఇసక మీద పరిచారు. మరిడమ్మ పసుపు చల్లి, దణ్ణం పెట్టుకుని పక్కకి జరిగింది. ఏసుపాదం తన మతం తాను చూసుకుంటూ అవతల నిలబడ్డాడు. కాసేపయ్యాక లోవరాజు వచ్చి, "చుట్టెయ్యమంటారాండి?" అని అడిగాడు.

ఏసుపాదం మరిడమ్మ వైపు చూశాడు.

"నన్నెందుకు చూస్తారండి? తమరే చూడండి," అంది ఆమె.

అతను వంగి ఒక కట్ట నడిమికి చెయ్యి దూర్చాడు. ఆ చెయ్యి తీసి చెంపకి ఆనించుకున్నాడు. చల్లగా తగిలింది.

"ఇంకా కాలేదు," అన్నాడు. తలమీద తువ్వాలు కప్పుకుని, వాళ్లతోపాటు ఎండలో కూచున్నాడు.